పాటలు తిన్న తిరగలి

తిరగలివాడలో అడుగు పెట్టగానే యువరాజు హేమాంకుడికి ఒళ్ళు జలదరించింది. ఎందుకో వెంటనే తెలియలేదు. చూడబోతే అన్నీ సవ్యంగానే ఉన్నాయి. వాకిళ్ళు చిమ్మి ముగ్గులు పెట్టారు. ఒక ఇల్లాలు అరుగుమీద కూర్చుని జొన్నలు చెరుగుతోంది. పెంటకుప్ప ఎక్కిన కోడిపుంజు రెక్కలు టపటపలాడించి, మెడ నిక్కించి, ముక్కు బార్లా తెరిచింది. కూత మాత్రం రాలేదు. అంతలో ఒక నల్లకుక్క పళ్ళు బయటపెట్టి మీదికి దూకింది. దాని గొంతు ఎగిరెగిరి పడుతోందే గాని మొరుగు లేదు. ఉయ్యాల్లో పసివాడు మొహం ఎర్రగా చేసుకుని గుక్కపట్టి ఏడుస్తున్నాడు. కన్నీళ్ళు కారుతున్నాయి, ఏడుపు వినపడటం లేదు.

వేషం వేశాక కూత వేయక తప్పదు గదా! తలకు చిరుగు పాగా, భుజాన గోనెసంచి, సంచిలో ఉలీ సుత్తీ పెట్టుకుని కక్కు కొట్టేవాడి వేషంలో వచ్చాడు మన యువరాజు. తిరగలి రాళ్ళు అరిగి నునుపెక్కితే వాటిమీద మళ్ళీ గంట్లు కొట్టి గరుకు చేసేవాళ్ళు వీళ్ళే. "కక్కు కొడతాం! తిరగళ్ళకు కక్కు కొడతామమ్మా!" అని ఒక్క కేక పెట్టాడు.

వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చేసింది. ముసలీ ముతకా, ఆడా మగా అందరూ కళ్ళప్పగించి నిలబడ్డారు. వాళ్ళు అతని మొహంకేసి చూడటం లేదు. గొంతుకేసి చూస్తున్నారు. పులికి ఎదురు నిలబడ్డ హేమాంకుడు ఆ చూపులకు తట్టుకోలేకపోయాడు. పాగా కొస కిందికి లాగి గొంతు కప్పుకుని గబగబా లోయదారి పట్టాడు.

అసలు సంగతి ఇదీ. సింధూరగిరి రాజు ప్రతాపమౌళి, హేమాంకుడి తండ్రి, పల్లెలు చూడబోయి మాట పోగొట్టుకుని తిరిగొచ్చాడు. నిండు సభలో తీర్పు చెప్పబోయి నోరు తెరిచినా చప్పుడు లేదు. వైద్యులు వచ్చారు, కషాయాలు పోశారు, చేతులెత్తేశారు. ఆ గొంతును శుష్కనాథుడనే మాంత్రికుడు కాజేశాడని, తిరగలివాడలో పిండి చేసి దాచాడని వేగులు చెప్పారు. ఆ గొంతుతో వాడికేం పని అంటారేమో! కొండదారికి అడ్డంగా గండశిల కోట ఉంది. దానికి అవతల శత్రుసేన గుడారాలు వేసుకుని కూర్చుంది. పూర్వం ఎవడో రాజముద్ర దొంగిలించి ఆ కోట తలుపు తీయించాడట. అప్పట్నుంచీ ముద్రలూ లేఖలూ చెల్లవు. రాజే స్వయంగా వచ్చి తన గొంతుతో పిలిస్తేనే గండశిల తలుపు తెరుచుకుంటుంది. ఈ సాయంత్రం శుష్కనాథుడు ఆ పిండితో రొట్టె కాల్చుకు తిని, కోట ముందు నిలబడి పిలవబోతున్నాడు. ఆలోగా పిండి హేమాంకుడి చేతికి చిక్కాలి, తండ్రి నోట పడాలి. లేకపోతే సింధూరగిరి ఉండదు.

లోయలో దిగేకొద్దీ వెలుగు సన్నగిల్లింది. మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉన్నా, ఆ కొండల నడుమకు మసక తప్ప మరేమీ దిగదు. ఇరువైపులా నల్లని శిలలు ఆకాశాన్ని ఒరుసుకుంటూ నిలిచాయి. వాటి పగుళ్ళనుంచి చల్లని నీరు జాలువారుతోంది. అడుగున పొగలేరు పేరుకు తగ్గట్టే పొగమంచు కక్కుతూ సుళ్ళు తిరుగుతోంది. ఆ మంచులోంచి మొదట చక్రం కనిపించింది. తాటిచెట్టంత ఎత్తు, పచ్చని నాచు జడలు కట్టిన టేకు రెక్కలు, ఒక్కొక్క రెక్క నీళ్ళలో మునిగి లేస్తుంటే ముసలిదాని మూలుగులాంటి ఇరుసు మోత. దాని వెనక రాతి గోడల మిద్దె, కిటికీలకు అడ్డుకట్టిన ఇటుకలు, ఒకే ఒక్క పొట్టి గుమ్మం. గుమ్మానికి అటొకడూ ఇటొకడూ ఈటెలు పట్టుకుని కాపలా ఉన్నారు.

"కక్కు కొట్టేవాణ్ణి. కబురొచ్చింది" అన్నాడు హేమాంకుడు. వాళ్ళు తప్పుకున్నారు.

లోపల పిండి వాసన, తడి రాయి వాసన. నడుమ రెండు మహా శిలలు ఒకదానిమీద ఒకటి గరగరా తిరుగుతున్నాయి. పక్కన పీటమీద ఒక అవ్వ గంప ఒళ్ళో పెట్టుకుని, పైరాతి నోట్లో పిడికెడు పిడికెడు జొన్నలు పోస్తోంది. నీలవ్వ ఆమె పేరు. ఈ తిరగలి వంశంలో ఆఖరి మనిషి. ఆమె హేమాంకుణ్ణి ఎగాదిగా చూసి, చెయ్యి ఊపి దగ్గరకు రమ్మంది.

"గింజ రాతి నోట్లో ఉన్నంతసేపే మాట్లాడు నాయనా. నా చెయ్యి ఆగితే నీ నోరూ ఆగాలి. రాయి వట్టిగా తిరిగేటప్పుడు దాని ముందు ఒక్క మాట జారినా అంతే సంగతులు. దారం కొస దొరికితే ఉండంతా విడిపోయినట్టు గొంతంతా లాగేసుకుంటుంది" అంది. "బయట ఆ యమకింకరులు వింటారు. ఇక్కడైతే మోతలో కలిసిపోతుంది. చెప్పు, ఎవరు నువ్వు?"

"చెప్పాను గదవ్వా, కక్కు..."

"నీ మొహం! కక్కు కొట్టేవాడు గడప దగ్గరే ఉలి నేలకానించి రాతికి దణ్ణం పెడతాడు. నువ్వు సంతలోకి వచ్చినట్టు వచ్చావు. ఆ గుడ్డివెధవలు కనిపెట్టలేదు గాని నాకు కళ్ళున్నాయి."

హేమాంకుడు నాలుక కరుచుకున్నాడు. ఇక దాచి లాభం లేదని తను ఎవరో, ఎందుకొచ్చాడో చెప్పేశాడు. అవ్వ చెయ్యి ఆగింది. రాళ్ళ గరగర పోయి, లోపలికి ఊపిరి పీల్చుకుంటున్నట్టు ఒక హోరు మొదలైంది. ఆ హోరుకు హేమాంకుడి గొంతులో ఏదో కదిలింది. పళ్ళు బిగించి నోరు మూసుకున్నాడు. అవ్వ ఉలిక్కిపడి మళ్ళీ పిడికెడు పోసింది.

"మహారాజు కొడుకువా! అయ్యో నాయనా! మీ నాన్నగారు ఈ రాతి ముందే వంగుని, 'ఇంత మంచి తిరగలిని ఇన్నాళ్ళూ ఎందుకు ఆపేశారు?' అని అడిగారు. అదే ఆఖరు మాట. రాజుగారు అడిగినదానికి జవాబు చెప్పే అదృష్టం నాకు లేకపోయింది. నువ్వైనా విను."

గంపలో జొన్నలు అడుగుకు చేరుతున్నాయి. అవ్వ పిడికిలి చిన్నది చేసి పోస్తూ చెప్పింది.

"దీన్ని మా ముత్తాత బసవడు కట్టాడు. కాలువ మీ ముత్తాతగారు తవ్వించారు. ఎర్రకొండ నుంచి ఈ రాళ్ళు దొర్లించుకొస్తే ఊరూరా హారతులిచ్చారట. ఆడవాళ్ళు గింజలు తెచ్చి చుట్టూ కూర్చునేవారు. నీళ్ళు తిప్పుతుంటే చేతికి పనేముంది? కానీ తిరగలి ముందు కూర్చున్నాక పాట రాకుండా ఉంటుందా! 'ఏరు తిప్పుతుంటే మీ పాటెందుకే?' అని మగవాళ్ళు ఎగతాళి చేస్తే, 'పాట లేకపోతే రాయి నిద్రపోతుంది' అనేవారు మావాళ్ళు. అలా ఏళ్ళ తరబడి ఇది పాట వింటూనే విసిరింది. ఒక్కనాడూ పాట లేకుండా తిరగలేదు, గింజ లేకుండా..."

చెయ్యి ఆగింది. హోరు లేచింది. పైన దూలాలకు ఏవో వేలాడుతూ సన్నగా కదిలాయి. అవ్వ గంప అడుగున వేళ్ళతో దేవులాడి నాలుగు గింజలు పోసింది.

"తర్వాత కరువొచ్చింది. పిచ్చుకకు కూడా గింజ మిగలని కరువు. ఇక్కడ చినుకు లేదు గాని, ఎక్కడో పై కొండల్లో కురిసి ఒకరోజు ఏరు పొంగింది. తూము పలక కొట్టుకుపోయింది. చక్రం దానంతటది తిరగడం మొదలెట్టింది. వట్టి తిరగలి తిరిగితే ఊరికి అరిష్టం, ఎవరు ఒప్పుకుంటారు! పోద్దామా అంటే గింజ లేదు. అప్పుడు మా నాయనమ్మ అంది: 'గింజ లేకపోతే పాటైనా పోద్దాం. రాయికి అలవాటే గదా!' అంతే. ఊళ్ళో ఆడవాళ్ళంతా వంతులు వేసుకుని కూర్చుని నోరారా పాడారు. వాళ్ళకు తెలిసిన పాటలన్నీ పాడారు. వరద తీసేసరికి రాతి చుట్టూ తెల్లగా పిండి రాలి ఉంది."

"గింజ లేకుండా పిండా?"

"ఆ మాట అడగాలని ఎవరికీ తోచలేదు నాయనా, ఆకలి అలాంటిది. దేవుడిచ్చాడనుకున్నారు. అంబలి కాచి ముందు పిల్లలకు పోశారు." అవ్వ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆ సాయంత్రం మా నాయనమ్మ ఉయ్యాల ఊపుతూ జోల పాడబోతే నోట మాట లేదు. ఉయ్యాల్లోంచి మాత్రం పాట వినిపించింది. పళ్ళైనా రాని పసిబిడ్డ కళ్ళు తెరిచి పడుకుని, తల్లి గొంతుతో జోలపాట పాడుతోంది. ఇంటింటా అదే. తల్లులందరూ మూగలు, పిల్లలందరి నోటా తల్లుల గొంతులు. ఆ బిడ్డ మా నాన్నే. మీసాలు వచ్చినా, ముసలాడైనా, ఆయన చచ్చేదాకా ఆడగొంతుతోనే మాట్లాడాడు."

హేమాంకుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"అప్పుడు పైరాయి దించి తలుపు మూసేశారు. మూసింది మూసినట్టు ఉంటే పోయేది! ఆ శుష్కనాథుడు పుట్టుమూగ. వాడి చెవిన ఈ కథ పడింది. మళ్ళీ రాయి ఎక్కించాడు, కక్కు కొట్టించాడు. కోళ్ళమీదా కుక్కలమీదా పరీక్షించాడు, ఆనక మనుషుల మీద పడ్డాడు. రాయి గింజకోసం ఏనాడూ ఇంత ఆత్రపడలేదు. అది గొంతుల రుచి మరిగింది." అవ్వ పైకి చూపించింది. "అవన్నీ మా ఊరి గొంతులు."

దూలాల నిండా చిన్నచిన్న గుడ్డసంచులు. గాలి లేకపోయినా ఊగుతున్నాయి. హేమాంకుడు తిరగలికి దూరంగా జరిగి, బల్ల ఎక్కి ఒక సంచికి చెవి ఆనించాడు. లోపల ఎవరో గాజులమ్మే మనిషి ధరలు చెబుతున్నాడు. రెండోదానిలో ఒక ఆడపిల్ల కిలకిలా నవ్వుతోంది. మరోదానిలో గొణుగుడు, ఇంకోదానిలో శాపనార్థాలు. మూల సంచి దగ్గర అతను ఆగిపోయాడు. "అన్నం ముందునుంచి లేచి ఎక్కడికిరా పరుగు? కూర్చో! ఆ ముద్ద తిను!" అంటోంది ప్రతాపమౌళి గొంతు. ఎప్పుడో చిన్నప్పుడు తిన్న తిట్టు. హేమాంకుడికి ఏడుపొచ్చింది. సంచిని దూలం నుంచి విప్పుకుని గుండెకు హత్తుకున్నాడు.

కిందికి దిగి దాన్ని నడుముకు కట్టుకుంటుంటే నీలవ్వ చెయ్యి పట్టుకుని ఆపింది. చివరి పిడికెడు రాతి నోట్లో ఉంది.

"ఖాళీ చోటు చూశాడంటే వాడు నిన్ను ఏరు దాటనిస్తాడా? అక్కడ ఇంకో సంచి ఉండాలి. జొన్నపిండి పెడితే చిటికెడు నోట్లో వేసుకోగానే పట్టేస్తాడు. చిటికెడు తింటే నాలుగు మాటలు పలుకుతాయి, అదీ దీని గుణం. గాజులవాడి గొంతు పెట్టినా పట్టేస్తాడు. రాజుగారి గొంతు ఒకసారి విన్నవాడు మరి."

అంతఃపురంలో తెర వెనక హేమాంకుడు మాట్లాడితే దాసీలు మహారాజనుకుని లేచి నిలబడేవారు. ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. బయట దూరంగా గుర్రపు డెక్కల చప్పుడు. ఆలోచించుకునే వ్యవధి లేదు. ఆలోచిస్తే ధైర్యం జారిపోతుందని కూడా అతనికి తెలుసు. "అవ్వా, గంప తీసెయ్" అన్నాడు.

"వద్దు నాయనా! పడుచువాడివి! రేపు నీ పెళ్ళాన్ని ఏ నోటితో పిలుస్తావు?"

"రేపటికి దేశముంటే గదా అవ్వా!"

చివరి గింజ నలిగింది. హోరు లేచింది. హేమాంకుడు రాతి నోటిమీదికి వంగి, "నాన్నగారూ!" అని ఒక్క పిలుపు పిలిచాడు.

అమ్మో! గొంతులోకి ఎవరో చెయ్యి పెట్టి పేగుదాకా లాగినట్టయింది. చిన్నప్పటి నవ్వులూ, యుద్ధంలో పెట్టిన కేకలూ, తల్లి దగ్గర పోయిన గారాలూ అన్నీ వరసగా నాలుక మీదికొచ్చి రాతిలోకి జారిపోయాయి. కళ్ళు తెరిచేసరికి కిందిరాతి చుట్టూ తెల్లని పిండి వలయం కట్టి ఉంది. నీలవ్వ తూము పలక దించి రాయి ఆపింది. ఏడుస్తూనే ఆ పిండి ఎత్తి సంచిలో పోసి, మూల దూలానికి వేలాడదీసింది.

మూతి ముడి బిగిసిందో లేదో, శుష్కనాథుడు లోపలికి వచ్చాడు. ఎండుపుల్లల కట్టకు పట్టుబట్ట చుట్టినట్టున్నాడు. చేతిలో వెండి తాంబూలపు పెట్టె ఉంది. అందులో అరలరలుగా పిండి. ఒక చిటికెడు నాలుక మీద వేసుకుని, "ఏమే నీలవ్వా, గింజలు అప్పుడే..." అని పడుచుపిల్ల గొంతుతో మొదలెట్టాడు. నాలుగు మాటలు అయిపోయాయి. ఇంకో చిటికెడు వేసుకుని, "...తగలేశావా ముసలిదానా?" అని ముసలాయన గొంతుతో ముగించాడు. వాడి కళ్ళు హేమాంకుడి మీద పడ్డాయి. మరో చిటికెడు. "ఎవడ్రా నువ్వు? పేరేమిటి?" ఈసారి పిల్లవాడి గొంతు.

హేమాంకుడు నోరు తెరిచాడు. చప్పుడు లేదు.

"కక్కు కొట్టేవాడు దొరా. తెలియక రాతి ముందు కూనిరాగం తీశాడు" అంది నీలవ్వ గొంతు తొణక్కుండా.

వాడి పెదవులు నవ్వాయి. వాడు మూల సంచి దించి, చిటికెడు తీసి, కళ్ళు మూసుకుని చప్పరించాడు. "మేము సింధూరగిరి మహారాజులం! ఆహా!" అన్నాడు. హేమాంకుడు తన గొంతును తన ఎదుటే ఇంకొకడి నోట విన్నాడు. సంచిలో ఉలి చేతికి తగిలింది. ఆ ఉలిని అక్కడికక్కడే వాడి డొక్కలో దించేయాలనిపించింది. కానీ గుమ్మంలో ఈటెలున్నాయి, నడుముకు తండ్రి ప్రాణంలాంటి పిండి ఉంది. తల వంచుకుని రాయి తుడుస్తూ ఉండిపోయాడు. శుష్కనాథుడు సంచి రొమ్మున దాచుకుని, కాపలావాళ్ళిద్దరినీ గుర్రాలెక్కించి వెంటబెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ డెక్కలు దూరమవగానే హేమాంకుడు నీలవ్వ కాళ్ళకు మొక్కి, చక్రం వెనక మేకలు ఎక్కే అడ్డదారిన పడి పరుగు తీశాడు. ముళ్ళు గీరాయి, పాగా ఎక్కడో పోయింది. రాళ్ళమీద జారి మోచిప్ప పగిలినా ఒక చెయ్యి మాత్రం నడుముమీంచి తీయలేదు. తడిస్తే పిండి పాడైపోతుంది.

సింధూరగిరికైనా గండశిలకైనా ఏరు దాటే వెళ్ళాలి. పొగలేటి రేవు చేరేసరికి మంచు మరీ చిక్కబడింది. చేతికర్ర పెట్టు దూరం కూడా కనపడదు. అవతలి ఒడ్డున పడవవాడు చుక్కయ్య ఉన్నాడు. చిన్నప్పుడు హేమాంకుణ్ణి భుజాలమీద ఎక్కించుకు తిప్పిన మనిషి, పొద్దున ఇటు దింపి వెళ్ళినవాడు. పిలుపు వింటే పడవ తెస్తాడు. పిలుపు వింటేనే తెస్తాడు, కళ్ళకు ఏమీ ఆనదు గదా! ఆ ముక్క హేమాంకుడికి రేవులో నిలబడ్డాకే తట్టింది. నోటికి చేతులడ్డం పెట్టుకుని రొమ్ము పగిలేలా అరిచాడు. ఊపిరి తప్ప ఏమీ రాలేదు. నీళ్ళు చరిచాడు. ఏటి హోరులో అదెక్కడ వినపడుతుంది! ఈదుదామంటే నడుముకు పిండి.

అప్పుడు ఏటి ఎగువన పై రేవు నుంచి ఒక కేక వినిపించింది. "పడవ! ఓయ్ పడవా! మహారాజునొచ్చాను!"

హేమాంకుడి గొంతే. శుష్కనాథుడూ రేవు చేరాడు.

అవతలినుంచి చుక్కయ్య సంబరంగా బదులిచ్చాడు. "వస్తున్నా చిన్నదొరా! ఇదేం పరాచికం, మహారాజునంటారు? మీ గొంతు నాకు తెలియదా ఏమిటి!"

దాసీలను మోసం చేసిన పోలిక పెంచిన మనిషిని మోసం చేయలేకపోయింది. పై రేవులో ఒక్క క్షణం ఏమీ వినపడలేదు. ఆ క్షణంలోనే మాంత్రికుడికి అంతా అర్థమైపోయిందని హేమాంకుడికీ అర్థమైంది. మరు క్షణం అదే గొంతు మరింత చల్లగా, మరింత తియ్యగా పలికింది. "అవును, నేనే. త్వరగా రా." గుర్రాలు రెండు ఒడ్డువెంట ఇటువైపు వెతుక్కుంటూ బయల్దేరాయి.

పడవ గెడ నీళ్ళలో పడుతున్న చప్పుడు దగ్గరవుతోంది. చుక్కయ్య నవ్వుకుంటూ మృత్యువు నోట్లోకి వస్తున్నాడు. పడవ వాడికి చిక్కితే ఇక ఏరు దాటే దారే లేదు. హేమాంకుడు సంచి ముడి విప్పాడు. తను ఎంత తింటే తండ్రి గొంతులో అంత లోటు. ఏ మాటలు పోతాయో, ఏ తీర్పులు పోతాయో, తనను పిలిచే పేరే పోతుందో! "క్షమించండి నాన్నగారూ" అని మనసులో అనుకుని చిటికెడు నాలుక మీద వేసుకున్నాడు. ఆ రుచి చిన్నప్పుడు ఆయన తినిపించిన పెరుగన్నంలా ఉంది.

"చుక్కయ్యా! ఆగు! అటు వెళ్ళకు!"

ప్రతాపమౌళి మహారాజు గొంతు లోయంతా ఖంగుమని మోగింది. కొండలు తిరిగి పలికాయి. గెడ చప్పుడు ఆగింది. వెతుకుతున్న గుర్రాలు గిరుక్కున ఇటు తిరిగాయి. నడి ఏట్లో, మంచు మధ్య, పడవ నిలిచిపోయింది.

హేమాంకుడి గుండెల్లో రాయి పడింది. మహారాజు గొంతు దొంగలెత్తుకుపోయారని, ఆ గొంతు ఎక్కడ వినిపించినా నమ్మవద్దని, తన గొంతు వింటే తప్ప పడవ తేవద్దని పొద్దున పడవ దిగుతూ ఒట్టు వేయించుకుంది తనే. ఇంకో చిటికెడుకోసం సంచిలో చెయ్యి పెట్టాడు. ఏం చెప్పినా ఆ గొంతుతోనే చెప్పాలి. డెక్కలు ఇసకలోకి దిగాయి.

"భయపడకండి చిన్నదొరా!" మంచులోంచి చుక్కయ్య కేక, పౌరుషంగా, ప్రేమగా వినిపించింది. "అదుగో, ఆ దొంగముండాకొడుకు కింది రేవులోనే నక్కాడు. నేను మోసపోతానా! మీ దగ్గరికే వస్తున్నా!"

గెడ బలంగా పడింది. పడవ పై రేవుకేసి తిరిగింది.